పాత కారు వెనుక చేతులు

హైదరాబాదు నగరమున మూసీనదిపై 1578లో కట్టబడిన పురానాపూల్ అను వంతెనకు చేరువలో ధూల్‌పేట్ అను పేట కలదు. వినాయక చవితి సమీపించినచో ఈ పేట వీథులు విగ్రహములతో నిండిపోవును. సంక్రాంతికి ముందు అంగళ్లలో రంగురంగుల పతంగులు వ్రేలాడుచుండును. పతంగి చేయువాని పనిని కొంతసేపు శ్రద్ధగా చూచినచో ఒక విషయము తెలియును. కాగితము కత్తిరించి అంటించుట సులభము. వెదురుపుల్లను ఇరుప్రక్కల సమముగా వంచుటయు, సూత్రమును సరిగా కట్టుటయు కష్టము. ఒకప్రక్క రవంత తేడా వచ్చినను పతంగి తిన్నగా నిలువక ఒకవైపునకు ఒరిగిపోవును.

భూమిమీద పరుగెత్తు కారునకును ఇట్టి కట్టు ఒకటి కలదు. అది కారు అడుగున, వెనుక చక్రముల నడుమ, దుమ్ములోను బురదలోను మరుగుపడి యుండును. కారులో కూర్చున్నవారు దానిని చూడరు. అది సడలినచో మాత్రము వారి ప్రాణములకే ముప్పు కలుగవచ్చును.

మన దేశమున పెక్కేండ్లు తిరిగిన కార్లలో అంబాసిడరు ఒకటి, మారుతి 800 మరియొకటి. మారుతి 800 మొదట 1983 డిసెంబరులో వెలువడి, 2014వ సంవత్సరము వరకు తయారైనది. అంబాసిడరు తయారీయు ఆ యేడే ఆగిపోయినది. తయారీ ఆగినను, అప్పటికే కొన్నవారు తమ కార్లను విడువలేదు. చట్టము ప్రకారము సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును. తరువాత అది రోడ్డుపై తిరుగుటకు తగియున్నదని పరీక్షలో తేలినపుడే గడువు పొడిగింపబడును. కావున పాతకారు గలవారు దానిని ఎప్పటికప్పుడు బాగుచేయించుకొనక తప్పదు.

అంబాసిడరులో వెనుక ఇరుసును కమానుకట్టలు మోయును. ఉక్కుపట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి బిగించిన ఈ కట్టలు బరువును మోయుటయే గాక, ఇరుసును దాని చోట నిలుపును గూడ. 1986లో క్రొత్తరూపమున వచ్చిన మారుతిలో ఈ రెండు పనులను వేరుచేసిరి. బరువును చుట్టలు చుట్టిన స్ప్రింగులు మోయును. ఇరుసు ముందు వెనుకలకు జరుగకుండ రెండు ఉక్కుచేతులు పట్టుకొనును. వీనినే మెకానిక్కులు ట్రైలింగ్ ఆర్ములందురు. ఒక్కొక్క చేతి ముందుకొన కారు అడుగుభాగమునకును, వెనుకకొన ఇరుసునకును తగిలింపబడి యుండును. ఇరుసు ప్రక్కలకు పోకుండ అడ్డముగా మరియొక కడ్డీ యుండును.

మన చేతికి భుజము, మోచేయి ఉన్నట్లే ఈ ఉక్కుచేతులకును కీళ్లు కావలెను గదా! ఆ కీళ్ల పేరు బుష్‌లు. ఒక చిన్న ఉక్కుగొట్టము, దాని చుట్టును దళసరి రబ్బరు, ఆ రబ్బరు చుట్టును మరియొక ఉక్కుగొట్టము. ఇంతే బుష్ అనగా. లోపలి గొట్టమును బోల్టు కదలకుండ బిగించి పట్టుకొనును. వెలుపలి గొట్టము చేతి రంధ్రములో బిర్రుగా కూర్చుండును. చక్రము గుంతలో దిగినపుడు చేయి క్రిందికి వంగును. అప్పుడు లోపలి గొట్టము తిరుగదు. నడుమనున్న రబ్బరు మెలిపడును. చక్రము తిరిగి పైకి రాగానే ఆ మెలి వీడిపోవును. ఇనుము ఇనుముతో ఒరయదు గనుక దీనికి నూనె అక్కరలేదు. పైగా నూనె తగిలినచో రబ్బరు ఉబ్బి, మెత్తబడి చెడిపోవును.

పచ్చి రబ్బరు ఎండకు జిగటయై, చలికి పెళుసగును. దానిని గంధకముతో కలిపి కాచినచో గట్టిపడి సాగుగుణము నిలుపుకొనునని అమెరికాదేశీయుడగు చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొని, 1844లో ఆ పద్ధతికి హక్కు పొందెను. అట్లు గట్టిపరచిన రబ్బరును సైతము ఎండ, దుమ్ము, నిత్యపు మెలికలు ఏండ్లు గడచుకొలది క్షీణింపజేయును. మొదట సన్నని బీటలు పుట్టును. పిదప రబ్బరు గొట్టమునుండి విడిపోవును.

అట్టి పాత మారుతి యొకటి ధూల్‌పేటలోని కార్ఖానాకు వచ్చినదనుకొందము. గుంతలు వచ్చినపుడెల్ల వెనుకనుండి టకటకమను చప్పుడు వినబడుచున్నది. బ్రేకు వేసినచో కారు ఒకప్రక్కకు లాగుచున్నది. ఇందుకు కారణమేమి? ఒకవైపు బుష్ అరిగినచో బ్రేకు పడినపుడు ఆ వైపు ఇరుసు కొంచెము వెనుకకు జరుగును. ఇరుసు వంకరయైన వెంటనే వెనుక చక్రములు తామే దారి మార్చును. నెమ్మదిగా పోవునపుడు ఇది చిన్న చిరాకు. వేగముగా పోవునపుడు, వానలో తడిసిన రోడ్డుపై, అదే పెనుప్రమాదము.

అనుభవము గల మిస్త్రీ చప్పుడు విన్నంతనే షాకబ్జర్లను మార్చడు. కారు క్రింద పండుకొని, కడ్డీతో ఒక్కొక్క చేతిని మెల్లగా ఎత్తి, ఏ కీలు అతిగా కదలుచున్నదో కనిపెట్టును. రోగము తెలియక మందు వేయుట వైద్యము కాదు.

పిమ్మట పని మొదలగును. చదునైన నేలపై కారును నిలిపి, ముందు చక్రములకు అడ్డుకట్టలు పెట్టవలెను. జాకీతో వెనుకభాగము నెత్తిన తరువాత కారు దేహమును గట్టి స్టాండులపై నిలుపవలెను. మారుతి బరువు సుమారు 650 కిలోలు. జాకీ జారినచో క్రిందనున్నవాడు బ్రతుకుట కష్టము. కావున జాకీ నొక్కదానినే నమ్మి కారు క్రింద దూరరాదు. స్టాండులు పెట్టిన పిదప ఇరుసునకు వేరొక జాకీ ఆసరా ఇచ్చి చక్రములను విప్పవలెను.

ఏండ్లతరబడి త్రుప్పుపట్టిన బోల్టులు తొందరపడినచో విరుగును. త్రుప్పు విడిపించు నూనె పూసి కొంతసేపు ఆగవలెను. రెండు చేతులను ఒకేసారి విప్పరాదు. విప్పినచో ఇరుసు తన చోటు తప్పిపోవును. ఒకదానిని పూర్తిగా మార్చిన పిదపనే రెండవదానిని ముట్టవలెను. విప్పిన చేయి వంగినను, త్రుప్పు తినివేసినను, బీటవారినను దానిని మరల వాడరాదు. బాగుగా నున్నచో పాత బుష్‌ను ప్రెస్సుతో వెలికినెట్టి, క్రొత్తదానిని తిన్నగా లోనికి నొక్కవలెను. సుత్తితో మోదినచో బుష్ వంకరపోవును.

ధూల్‌పేట్ దాపుననే జుమ్మేరాత్ బజారు కలదు. పేరునుబట్టియే అది గురువారపు సంత. అక్కడ పాతసామాను చౌకగా దొరకును. పాత స్పానరును పరీక్షించి కొనవచ్చును. పాత బుష్‌ను మాత్రము కొనరాదు. రబ్బరు లోపలి బలము పైచూపునకు తెలియదు.

చేతిని దాని చోట పెట్టి, బోల్టులు దూర్చి, నట్టులను వదులుగా తిప్పి ఉంచవలెను. ఇక్కడనే పనివాని నేర్పునకును, నిజాయితీకిని పరీక్ష కలదు. స్టాండులపై నున్న కారునకు చక్రములు క్రిందికి వ్రేలాడుచుండును. ఆ స్థితిలో నట్టులను బిగించుట మిక్కిలి సులభము. కాని అట్లు బిగించినచో రబ్బరునకు ఆ వ్రేలాడు స్థితియే విశ్రాంతి స్థితి యగును. కారు నేలకు దిగినంతనే రబ్బరు మెలిపడి, ఊరక నిలిచియున్నపుడు గూడ ఆ మెలికలోనే ఉండిపోవును. ఇట్టి బుష్ కొలదికాలములోనే చిరుగును.

తెలిసినవాడు అట్లు చేయడు. కారును చక్రములపై దింపి, దాని బరువు స్ప్రింగులపై పడిన తరువాత, మరల ఇరుకున దూరి, తయారీదారులు చెప్పిన కొలత ప్రకారము టార్క్ రెంచితో నట్టులను బిగించును. ఇందుకు మరికొంత సమయమును, ఓపికయు కావలెను. పిదప కారును మెల్లగా నడిపి చూచి, బిగింపులను తిరిగి తనిఖీ చేయును.

నట్టు ఏ స్థితిలో బిగింపబడినదో కారు యజమాని ఎన్నటికిని చూడలేడు. రెండు విధముల బిగించినను ఆ దినమున కారు చక్కగానే నడచును. తేడా నెలలు గడచిన పిదప, ఏ దూరపు రోడ్డుమీదనో బయటపడును. అప్పుడు కారులో ఒక కుటుంబమంతయు కూర్చుండి యుండవచ్చును.

ధూల్‌పేటలో విగ్రహములు చేయువారు ముందుగా లోపల కఱ్ఱలను, పీచును చేర్చి బలము కల్పింతురు. భక్తులు వినాయకుని ముఖమునే చూతురు. లోపలి కఱ్ఱను చూడరు. అయినను పందిరిలో విగ్రహమును నిలువబెట్టునది ఆ కఱ్ఱయే. కారు క్రింద వెల్లకిల పండుకొని, ఎవ్వరును చూడని నట్టును సరియైన స్థితిలో బిగించు మిస్త్రీ పనియు అట్టిదే.