పోవడానికి ఎనిమిది గంటలు, రావడానికి ఏడు!

లండన్‌లో మధ్యాహ్నం 12 గంటలకు బయలుదేరిన విమానం న్యూయార్కులో మధ్యాహ్నం 3 గంటలకే దిగుతుంది. తిరుగు ప్రయాణంలో న్యూయార్కులో మధ్యాహ్నం 12కు బయలుదేరితే, లండన్ చేరేసరికి అర్ధరాత్రి 12 అవుతుంది. పోవడానికి 3 గంటలు, రావడానికి 12 గంటలా? ఇది గడియారాల మాయ. లండన్ గడియారం న్యూయార్కు గడియారం కంటే సాధారణంగా 5 గంటలు ముందుంటుంది. ఆ 5 గంటలను పోయేటప్పుడు కలపండి, వచ్చేటప్పుడు తీసివేయండి. పోవడానికి సుమారు 8 గంటలు, రావడానికి 7 గంటలు అని తేలుతుంది.

మాయ వీడింది కాని ఒక గంట తేడా మిగిలింది. దూరం ఎటునుంచి కొలిచినా దాదాపు 5,550 కి.మీ. కదా!

ఈ ప్రశ్న వేసినప్పుడల్లా మా తరగతిలో ఎవరో ఒకరు లేచి, "భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదండీ మాస్టారూ! పడమరకు పోయే విమానానికి ఊరే ఎదురొస్తుంది. అదే ముందు చేరాలి" అంటారు. జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పరుగెత్తే రైలుపెట్టెలో కూర్చుని బంతిని పైకి విసరండి. అది వెనక్కు పోదు, మీ చేతిలోనే పడుతుంది. రైలు వేగం బంతికీ ఉంది. అలాగే గాలి, విమానం కూడా భూమితోపాటే తిరుగుతున్నాయి.

అసలు కారణం పైన వీచే గాలి. భూమధ్యరేఖ వైపు గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. ధ్రువాల వైపు చల్లబడి సంకోచిస్తుంది. అందువల్ల 10 కి.మీ. ఎత్తున చూస్తే వేడి ప్రాంతం వైపు పీడనం ఎక్కువ, ధ్రువం వైపు తక్కువ. గాలి ఉత్తరానికి పరుగెత్తబోతుంది. కాని తిరుగుతున్న భూమి మీద అది నేరుగా పోలేదు. ఉత్తరార్ధగోళంలో కుడివైపుకు వంగి, చివరకు తూర్పుకు ఏరులా పారుతుంది. ఇదే జెట్ ప్రవాహం. భూభ్రమణాన్ని తలచిన ఆ విద్యార్థి ఊహ పూర్తిగా తప్పు కాదన్నమాట, దారి మాత్రమే తప్పింది! జపాన్ శాస్త్రజ్ఞుడు వాసబురో ఓయిషీ 1920ల్లోనే బెలూన్లు ఎగురవేసి ఈ గాలులను కొలిచాడు. ఆ సంగతిని ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో ప్రచురించాడు. చదివినవారెందరుంటారు, పాపం!

గోదావరిలో వాలుకు పోయే పడవకూ, ఏటికి ఎదురు పోయే పడవకూ ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. చలికాలంలో వేడి, చలి ప్రాంతాల మధ్య తేడా పెరిగి ఈ ప్రవాహం మరింత ఉధృతమవుతుంది. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి వెన్ను తట్టగా ఒక విమానం న్యూయార్కు నుంచి లండన్‌కు 5 గంటల లోపే చేరింది. పడమరకు పోయే విమానాలు మాత్రం ఈ ఏటిని తప్పించుకోవడానికి ఒక్కోరోజు చుట్టుదారి పడతాయి.

"పోయేటప్పుడు నష్టం, వచ్చేటప్పుడు లాభం, చెల్లుకు చెల్లు" అనుకుంటున్నారా? లెక్క కట్టండి. ఎక్కడం, దిగడం వదిలేద్దాం. విమానం వేగం గంటకు 900 కి.మీ., గాలి వేగం 100 కి.మీ. అనుకుందాం. గాలి లేకుంటే 6 గంటల 10 నిమిషాలు. గాలివాలుకు 5 గంటల 33 నిమిషాలు. ఎదురుగాలిలో 6 గంటల 56 నిమిషాలు. లాభం 37 నిమిషాలు, నష్టం 46. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది కనుక నష్టమే ఎక్కువ. ఆ 9 నిమిషాలకూ ఇంధనం కాలవలసిందే.

గాలి వేగం 200 కి.మీ. అయితే ఆ 9 నిమిషాలు 18 అవుతాయా, ఇంకా పెరుగుతాయా? కాగితం మీద మీరే కట్టి చూడండి.