కంటిపొర చికిత్స: మామూలు పద్ధతియు, లేజరు పద్ధతియు

వృద్ధులకు చూపు మందగించినప్పుడు మన డోను ప్రాంతమున “కంటికి పొర వచ్చినది” అందురు. వైద్యులు దీనినే శుక్లమందురు. పొర తీయించుకొనదలచిన వారికి నేటి దినములలో ఒక సందేహము కలుగుచున్నది: మామూలు ఆపరేషను మేలా, లేజరు ఆపరేషను మేలా? లేజరునకు సొమ్ము కూడువరకు ఆగుదమని కొందరును, పొర బాగుగా ముదిరిన పిమ్మట చూతమని కొందరును కాలము జరుపుదురు. ఈ తలపులలో నిజమెంతయో విద్యార్థులు తెలిసికొని ఇంటివారికి చెప్పగలిగినచో, దానివలన ఒక కన్ను నిలువవచ్చును.

మొదట పొర యనగా నేమో తెలిసికొందము. ఇది కంటిపైన పెరుగు తొడుగు కాదు. నల్లగ్రుడ్డు నడుమనుండు తారకకు వెనుక, పలుచని సంచిలో, నిర్మలమైన కటకమొకటి కలదు. వెలుగును కంటి లోపలి తెరపై కేంద్రీకరించుట దాని పని. వయస్సు మీరినకొలది అందలి మాంసకృత్తులు, ఉడికిన గ్రుడ్డు తెల్లసొనవలె, స్వచ్ఛతను కోల్పోయి మసకబారును. మధుమేహము, పొగత్రాగుట, కంటికి తగిలిన దెబ్బ, తీక్షణమైన ఎండ దీనిని త్వరపెట్టును. చుక్కలమందుగాని, ఆకు పసరుగాని మసకబారిన కటకమును మరల నిర్మలము చేయజాలవు. పసరులవలన కన్నే చెడవచ్చును. శస్త్రచికిత్స యొక్కటే మార్గము.

ఈ శస్త్రచికిత్సకు మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన చరిత్ర కలదు. శలాకతో కన్ను గ్రుచ్చి పొరను తొలగించు విధానము సుశ్రుత సంహితయందు వర్ణింపబడినది. తరువాతి కాలమున ఊరూర తిరుగు వైద్యులు సూదితో కటకమును కంటిలోపలికే త్రోసివేయుచుండిరి. త్రోసిన వెంటనే వెలుగు కనబడుటచే రోగి సంతోషించును. ఆ వైద్యుడు సొమ్ము పుచ్చుకొని వేరొక యూరికి పోవును. కొన్నాళ్లకు కన్ను వాచియో, లోపలి ఒత్తిడి హెచ్చియో చూపు పూర్తిగా పోవుట తరచుగా జరుగుచుండెను. కర్నూలు జిల్లా చెన్నపట్టణపు రాజధానిలో చేరియున్న ఆ కాలమున, మదరాసు ప్రభుత్వ నేత్రవైద్యశాలకు అధికారిగా పనిచేసిన డాక్టరు ఎలియట్ ఇట్టి కన్నులను అనేకము పరీక్షించి, 1917లో లండనులో ఈ విషయముపై ఉపన్యాసములిచ్చెను.

కటకమును లోపలికి త్రోయక వెలుపలికి తీయు పద్ధతిని 1747లో ఫ్రాన్సు దేశీయుడగు డావియేల్ ఆరంభించెను. ముదరని పొరను తీసినచో మెత్తని పదార్థము సంచికి అంటుకొని లోపల నిలిచి వాపు కలిగించునని పూర్వపు వైద్యులు భయపడిరి. కావున పొర ముదురువరకు ఆగుమనుట ఒకప్పుడు సహేతుకమైన మాటయే. తీసిన పిదప రోగి దళసరి అద్దములు ధరింపవలసి యుండెను. 1949లో లండనునందు హెరాల్డ్ రిడ్లీ కంటిలోనే కృత్రిమ కటకమును అమర్చుటతో ఆ కష్టము తొలగుటకు దారి యేర్పడెను.

నేడు మామూలుగా జరుగుచున్న పద్ధతులు ముఖ్యముగా రెండు. మొదటిది, 6, 7 మిల్లీమీటర్ల గాటుగుండా మసకకటకమును తీసి కృత్రిమకటకము నమర్చుట. గాటును ఏటవాలుగా చేయుటచే అది తనంతట మూసికొనును. సాధారణముగా కుట్లతో పనిలేదు. రెండవది ఫేకో. అమెరికాలో చార్లెస్ కెల్మన్ దీనిని 1967లో ప్రవేశపెట్టెను. సన్నని గొట్టపు మొన సెకనునకు రమారమి 40,000 సారులు కంపించి కటకమును నలుగగొట్టి పీల్చివేయును. ఇందు గాటు 3 మిల్లీమీటర్లకు మించదు. జనులు అనేకులు దీనినే “లేజరు ఆపరేషను” అనుచున్నారు. అది పొరపాటు. ఫేకోలో పనిచేయునది చెవికి వినబడని ధ్వనియే కాని కాంతి కాదు.

నిజమైన లేజరు చికిత్సను 2008లో హంగరీ రాజధానియగు బుడాపెస్టులో డాక్టరు నాగీ మొదట చేసెను. సెకనును కోటి భాగములు చేసి, అందొక భాగమును మరల పదికోట్ల భాగములు చేసినచో వచ్చు సూక్ష్మకాలము ఫెమ్టోసెకను. అట్టి కాలమానముతో కొలువదగిన కాంతిస్పందనములతో యంత్రము మూడు పనులు చేయును: కంటి ముందుభాగమున గాటు పెట్టును, కటకపు సంచిని గుండ్రముగా కోయును, కటకమును ముక్కలు చేయును. ఆపై వైద్యుడు ముక్కలను ఫేకో గొట్టముతోనే పీల్చి, కృత్రిమకటకమును చేతితోనే అమర్చవలెను. అనగా లేజరు ఆపరేషనులో కొంతభాగమే లేజరుది.

సంచిని కోయుటలో యంత్రపు గుండ్రదనము చేతికంటె కచ్చితమైనది. కటకమును నలుగగొట్టుటకు ధ్వనిశక్తియు కొంత తగ్గును. అయినను చూపు ఎక్కువ బాగగునా? ఫ్రాన్సులో ఐదు విశ్వవిద్యాలయ వైద్యశాలలలో 909 మంది రోగులపై చేసిన పరీక్ష 2020లో ప్రకటింపబడినది. లేజరువలన ఫేకోకంటె అధిక ప్రయోజనము కానరాలేదు. వ్యయము మాత్రము హెచ్చినది. అదే సంవత్సరము ప్రకటింపబడిన ఇంగ్లండు పరీక్షలో 785 మందిని చూడగా, చూపు ఉభయత్ర సమానముగా నుండెను. ఇక నేపాలునందు 108 మందిపై జరిగి 2007లో ప్రకటింపబడిన పరీక్షలో, ఆరు నెలల పిదప చూచినప్పుడు, ఫేకోయు, చిన్నగాటు పద్ధతియు రెండును నూటికి 98 మందికి మంచి చూపునిచ్చినవి. వానిలో చిన్నగాటు పద్ధతికి పట్టినకాలమును వ్యయమును తక్కువ.

మరియొక విశేషము గమనింపదగినది. లేజరు కాంతి నిర్మలమైన మార్గముననే చక్కగా పోవును. పాలవలె తెల్లబడి ముదిరిన పొరను అది లోపల ముక్కలు చేయజాలదు. కావున లేజరు కొరకై ఏండ్లు ఆగినవారి కన్ను, సొమ్ము చేకూరునప్పటికి, ఆ లేజరుకే లొంగని స్థితికి రావచ్చును. మిక్కిలి ముదిరిన పొర కరగి కంటిలో ఒత్తిడిని పెంచి, చూపు నరమును చెరుపుటయు కలదు. అట్లు పోయిన చూపును ఏ యంత్రమును తిరిగి తేలేదు.

1996 మొదలు 2000 వరకు హైదరాబాదులోని ఎల్. వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారు హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, తుంగభద్రకు ఆవలి పాలమూరు ప్రాంతములలో 10,293 మందిని పరీక్షించిరి. నూటికి దాదాపు ఇద్దరు అంధులుగా తేలిరి. ఆ అంధత్వములో నూటికి 44 పాళ్లు పొరవలన కలిగినదే. అనగా చికిత్స తెలిసియుండియు, అది వారికి అందలేదు. 1976 నుండి జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమము జరుగుచున్నది. దాని క్రింద పేదలకు పొర ఆపరేషను ఉచితముగా లభించును. మనకు సమీపమున కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ నేత్రవైద్యశాల కలదు.

ఆపరేషను జరిగిన కొన్ని నెలలకో ఏండ్లకో, మిగిలిన సంచి మసకబారి చూపు మరల తగ్గవచ్చును. అప్పుడు వేరొక విధమగు లేజరుతో, కోతలేకుండ, కొన్ని నిమిషములలో దారి చేయుదురు. ఆ పనికి లేజరు నిజముగా ఉత్తమ సాధనము. కావున లేజరును నిందింపనక్కరలేదు, ఆరాధింపనక్కరలేదు. ఏ కంటికి ఏది తగునో పరీక్షించిన వైద్యుడే చెప్పవలెను.

విద్యార్థులారా, సెలవులకు ఇండ్లకు పోయినప్పుడు మీ అవ్వను, తాతను పగటి వెలుగులో కూర్చుండబెట్టి, 3 మీటర్ల దూరమున నిలిచి వ్రేళ్లు చూపుడు. ఒక కన్ను మూయించి రెండవకంటితో, తరువాత దీనిని మూయించి దానితో లెక్కింపుమనుడు. లెక్క తప్పినచో ఆ చూపు మిక్కిలి తగ్గినదని యెరుంగుడు. లెక్క సరిపోయినను, ముఖములు గుర్తుపట్టుటకో, బియ్యములో రాళ్లేరుటకో వారు కష్టపడుచున్నచో ఉపేక్షింపరాదు. “వేరుసెనగ పంట చేతికి వచ్చిన పిమ్మట చూతము” అని పెద్దలన్నచో, పొర మన పంటకై ఆగదని వినయముగా చెప్పి, వారి చేయిపట్టి వైద్యునియొద్దకు తోడుకొనిపొండు.