మొగ దాకా సాగవలసిన చదువు

సముద్ర జీవశాస్త్రం ఉప్పునీటిలో పుట్టి పెరిగే ప్రాణులను గురించిన శాస్త్రమని, పర్యావరణ నిర్వహణ మనిషి చేసే పనుల వల్ల నేలకు, నీటికి, గాలికి కలిగే నష్టాన్ని కొలిచి దానిని హద్దులో ఉంచే విద్య అని పాఠ్యప్రణాళికలు వేరువేరుగా చెబుతాయి. మొదటిదానిని జంతుశాస్త్రానికి చెందిన విభాగాలలోను, రెండవదానిని పర్యావరణ శాస్త్ర విభాగాలలోనో ప్రణాళికా విద్యాసంస్థలలోనో బోధిస్తారు కనుక, ఒకదాని విద్యార్థి రెండవదాని గడప తొక్కకుండానే పట్టా పుచ్చుకొనే వీలుంది. కృష్ణా డెల్టాకు వచ్చేసరికి ఈ విభజన నిలవదు. మైలవరం వైపు కొండల్లో పుట్టిన బుడమేరు విజయవాడ మీదుగా కొల్లేటిలో కలుస్తుంది, కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతానికి చేరుతుంది. ప్రకాశం బ్యారేజి నుంచి బయలుదేరే బందరు కాలువ నగరం నడుమ నుంచి మచిలీపట్నం వైపు సాగుతుంది. బ్యారేజి దాటిన నది దివిసీమ దగ్గర పాయలుగా చీలి, హంసలదీవి, నాచుగుంట, ఎదురుమొండి పరిసరాల మొగలలో సముద్రాన్ని కలుస్తుంది. నగరంలో కాలువ పాలైన మురుగు, పొలంలో చల్లిన మందు, చెరువు నుంచి వదిలిన నీరు చివరికి చేరేది మడ అడవికీ రొయ్యపిల్లకూ నెలవైన ఆ మొగలకే గనుక, అక్కడి ప్రాణులను చదివే విద్యార్థి ఎగువనున్న మనుషుల పనులను చదవక తప్పదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలోనే మొదలై, 1930లో వాల్తేరుకు తరలిపోయింది. ఆ తరలింపుతో తెలుగువారి ఉన్నత విద్యకు సముద్రం పొరుగైంది గాని, ఆ పొరుగుతనం శాస్త్రంగా ఫలించడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ సందర్శక ఆచార్యుడిగా వచ్చి, భారత నౌకాదళ ఓడల సాయంతో అక్కడి పరిశోధకుల చేత బంగాళాఖాతపు ఉష్ణోగ్రతలను, లవణీయతను, ప్రవాహాలను కొలిపించాడు. వేసవి నెలల్లో నైరుతి దిక్కు నుంచి తీరం వెంబడి వీచే గాలి పైపొర నీటిని ఒడ్డుకు దూరంగా నెట్టగా, అడుగున ఉన్న చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి లేచి ఆ చోటిని నింపుతుందని ఆ పరిశీలనలు చూపాయి. అప్‌వెల్లింగ్ అని పిలిచే ఈ క్రియ జరిగిన చోట వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ ఎండను ఆహారంగా మార్చుకొనే కంటికి కనిపించని మొక్కలు, పెద్దఎత్తున పెరుగుతాయి. వాటిని తినే జంతుప్లవకాలు, వాటిని తినే చేపలు ఆ వెంటే వస్తాయి. సముద్ర సమాచార సేవల కోసం హైదరాబాదులో 1999లో నెలకొల్పిన ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల ద్వారా సముద్రపు పైపొర ఉష్ణోగ్రతను, పత్రహరితాన్ని గమనించి చేపలు దొరికే అవకాశమున్న చోట్లను నేడు మత్స్యకారులకు తెలియజేయడం వెనుక ఉన్న సూత్రం ఇదే.

డెల్టాలో ఇంటర్మీడియెట్ బైపీసీ ముగించిన విద్యార్థికి ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి నాలుగేళ్ల మత్స్యశాస్త్ర పట్టా. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఉన్న మత్స్య కళాశాల దీనికి పేరుపొందింది, నరసాపురం కేంద్రంగా మత్స్య విశ్వవిద్యాలయాన్ని ఏర్పాటు చేస్తూ రాష్ట్రం 2020లో చట్టం చేసింది. రెండవది డిగ్రీలో జంతుశాస్త్రం చదివి పీజీలో ప్రత్యేక శాఖను ఎంచుకొనే దారి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు సముద్ర జీవవనరుల విభాగం, నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయపు సముద్ర జీవశాస్త్ర విభాగం, విజయవాడకు ఆనుకొని ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆక్వాకల్చర్, పర్యావరణ శాస్త్ర కోర్సులు ఈ దారిలోనివి. విజయవాడలోనే 2008లో నెలకొన్న స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో పర్యావరణ ప్రణాళిక, నిర్వహణలో పీజీ ఉంది. మత్స్యశాస్త్రం చేపను పంటగా చూస్తుంది, సముద్ర జీవశాస్త్రం అదే చేపను దాని నీటితో, తిండితో, శత్రువులతో కలిపి చూస్తుంది; ఉద్యోగాలు ఎక్కువగా హేచరీలలో, మేత కంపెనీలలో, రొయ్యల ల్యాబులలో ఉండడం వల్ల విద్యార్థులు మొదటి చూపు వైపే మొగ్గడం సహజమే అయినా, రెండవ చూపు కొరవడితే ఆ ఉద్యోగాలకు ఆధారమైన నీరే చెడిపోతుందన్న సంగతి ఈ డెల్టా ఇప్పటికే ఒకసారి అనుభవించింది.

టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది; పిల్లలు పోటు నీటితో మొగలలోకి, మడ కాలువలలోకి వచ్చి, అక్కడ తిని పెరిగి, మళ్లీ సముద్రంలోకి పోతాయి. 1990లలో డెల్టా తీరమంతటా ఈ రొయ్య కోసం చెరువులు తవ్వినప్పుడు, ఒక చెరువు విడిచిన నీటినే పక్క చెరువు తోడుకొనే పరిస్థితి ఏర్పడగా, 1994 తరువాత తెల్లమచ్చల వైరస్ చెరువు నుంచి చెరువుకు పాకి రైతులను అప్పుల్లో ముంచింది. తీర నియంత్రణ మండలంలోని సంప్రదాయేతర రొయ్యల చెరువులను తొలగించాలని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పింది. 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి చెరువుల నమోదును తప్పనిసరి చేసింది. 2009లో పసిఫిక్ తీరపు వనామి రొయ్యకు అనుమతి వచ్చింది. ఆ ఉత్థాన పతనాలలో రోగకారకాన్ని గుర్తించినవారు జీవశాస్త్రజ్ఞులు, నీరు పెట్టే, తీసే కాలువలు వేరుగా ఉండాలని నియమం రాసినవారు నిర్వాహకులు. ఈ రెండు జ్ఞానాలూ చెరువులు తవ్వక ముందే ఒక్కచోట చేరి ఉంటే నష్టం అంతగా ఉండేది కాదు.

ఈ చదువులో తొలి పాఠాలు కొలతలే. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, అంటే రొయ్యల రైతులు డీవో అని పిలిచేదానిని, కొలవడానికి హంగేరీ రసాయనవేత్త వింక్లర్ 1888లో కనిపెట్టిన పద్ధతిని నేటికీ ప్రయోగశాలల్లో నేర్పుతారు. గాలిబుడగ చొరకుండా సీసా నిండా నీరు పట్టి, మాంగనీస్ సల్ఫేటును, అయొడైడు కలిసిన క్షారాన్ని వేస్తే, ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేని నీటిలో ఆ మడ్డి తెల్లగానే ఉండిపోతుంది. ఆ మడ్డిని ఆమ్లంతో కరిగించి, గంజి చుక్కలు వేసి, నీలిరంగు పూర్తిగా విరిగేదాకా థయోసల్ఫేటును చుక్కచుక్కగా వదిలి, ఎంత పట్టిందో చూసి లెక్క కడతారు. పగలు ప్లవకాలు విడిచే ఆక్సిజన్ రాత్రి వాటి శ్వాసకే ఖర్చవుతుంది కనుక తెల్లవారుజామున డీవో అట్టడుగుకు పోతుందని, ఆ వేళకు ఏరియేటర్లు తిరగకపోతే రొయ్యలు పైకి తేలతాయని రైతుకు అనుభవం వల్ల తెలుసు. అదే క్రియ మేత, ఎరువు మితిమీరి చేరిన మురుగు కాలువలోనూ జరుగుతుందని, అక్కడ ఏరియేటరు ఉండదని విద్యార్థికి ఈ సీసా తెలియజేస్తుంది.

లవణీయత మరింత ముఖ్యమైన కొలత. సముద్రపు నీటిలో వెయ్యి భాగాలకు సుమారు 35 భాగాల ఉప్పు ఉంటుంది. నదీముఖంలో అది పోటుకు పెరిగి, పాటుకు తగ్గి, వరదకు దాదాపు సున్నాకు చేరి, ఎండాకాలంలో మళ్లీ ఎగబాకుతుంది. తీర నియంత్రణ మండల నియమాలు 1991లో మొదట వెలువడి, 2011లోను 2019లోను మారాయి. ఇప్పటి నియమాల ప్రకారం నది వెంట లోపలికి ఎంతదూరం ఆంక్షలు వర్తించాలన్నది, ఏడాదిలో అతి పొడికాలంలో నీటి లవణీయత వెయ్యికి 5 భాగాలు ఉండే చోటును బట్టి నిర్ణయమవుతుంది. అంటే ఏ ఊరి ఒడ్డున కట్టడం కట్టవచ్చో, ఎక్కడ కూడదో చెప్పే చట్టపు గీతను గీసేది ఒక నీటి నమూనా. ఎగువన నీరు వాడకం పెరిగి నదిలో ప్రవాహం సన్నగిల్లితే ఉప్పునీరు మరింత లోపలికి వస్తుంది, దానితో ఆ గీత కూడా జరుగుతుంది. జీవశాస్త్రమూ నిర్వహణా ఇంత దగ్గరగా కలిసే చోటు మరొకటి లేదు గనుక, డెల్టాలో ఈ రెండింటిలో ఏది చదివేవారైనా ముందుగా నేర్వవలసిన పాఠం ఇదే.

మొగల దగ్గర 1989లో ప్రకటించిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోని మడ అడవి ఈ లవణీయత మీదనే బతుకుతుంది. తెల్లమడ, నల్లమడ ఆకులు ఒంట్లోని అధిక లవణాన్ని బయటకు విసర్జిస్తాయి, ఎండవేళ ఆ ఆకుల మీద ఉప్పు పలుకులు చేతికి తగులుతాయి. గాలి చొరని బురద నుంచి పెన్సిల్ మొనల వంటి శ్వాసవేర్లు పైకి లేచి గాలి పీలుస్తాయి. అయితే ఏ మొక్కకైనా ఉప్పును ఓర్చే శక్తికి ఒక హద్దు ఉంది. గతంలో అడవిని గుండుకొట్టినట్టు నరికిన చోట్ల ఎండ తగిలి నేల కుంగింది, లోపలికి వచ్చిన పోటు నీరు తిరిగి పోలేక ఆవిరై ఉప్పును మిగిల్చింది, మడ విత్తనం కూడా మొలవని చవుడు ఏర్పడింది. ఎం.ఎస్. స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్ 1990ల చివర నుంచి అటవీశాఖతో, గ్రామస్థులతో కలిసి కృష్ణా, గోదావరి డెల్టాలలో ఇలాంటి నేలల్లో ఒక పెద్ద కాలువను, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలువలను తవ్వించి, రోజూ పోటూ పాటూ ఉప్పును కడిగేలా చేసి, ఆ తరువాతే మొక్కలు నాటించింది. చెట్టు ఎందుకు చచ్చిందో తెలుసుకొన్నాకనే నాటడం మొదలుపెట్టాలన్న నియమాన్ని మొక్కల లెక్కలతో సరిపెట్టే కార్యక్రమాలన్నీ పాటించడం ఎంతైనా అవసరం. ఆ మడ కాలువలలో పీతలు, చేపలు పట్టి బతికే యానాదులకు ఏ కాలువలో నీరు ఏ నెలలో ఉప్పెక్కుతుందో తెలుసు. వారి మాటను నోటు పుస్తకంలోకి ఎక్కించడం కూడా ఈ చదువులో భాగం కావాలి.

డెల్టా అంచు కూడా స్థిరం కాదు. శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి జలాశయాలు ఒండ్రును ఎగువనే ఆపేస్తుండగా, 1960ల చివర ఏడాదికి సుమారు 90 లక్షల టన్నులుగా ఉన్న కృష్ణ ఒండ్రు 2000 తరువాతి సంవత్సరాలలో సుమారు 4 లక్షల టన్నులకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె. నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం తెలిపింది. ఒండ్రు రాని చోట అల నేలను కోస్తుంది. ఆలివ్ రిడ్లే తాబేలు వచ్చి సుమారు వంద గుడ్లు పూడ్చే ఇసుక మేటలు ఆ కోతలో సన్నబడుతున్నాయి. గుడ్డులోని పిల్ల ఆడదో మగదో తేలేది ఇసుక వేడిని బట్టి గనుక మిగిలిన మేటల వేడి పెరిగినా ఆ జాతికి ముప్పే.

ఇన్ని ప్రశ్నలు విజయవాడకు రెండు మూడు గంటల ప్రయాణంలో ఉండగా, పీజీ విద్యార్థి మడ అడవిని విహారయాత్రలో ఒక్కసారి చూసి రావడంతో సరిపెట్టడం అన్యాయం. నాగాయలంక మండలం భావదేవరపల్లిలో మత్స్య పాలిటెక్నిక్ ఉంది, మచిలీపట్నంలో 2008 నుంచి కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది, విజయవాడలో జంతుశాస్త్రం బోధించే పాత కళాశాలలు ఎన్నో ఉన్నాయి. ఇవి మొగలను, కాలువలను, ఉప్పుటేరును తమలో తాము పంచుకొని, ప్రతి నెలా పోటువేళ ఒకసారి, పాటువేళ ఒకసారి లవణీయతను, డీవోను, ప్లవకాలను ఒకే పద్ధతిలో కొలిచి, ఆ లెక్కలను మత్స్యశాఖకు, అటవీశాఖకు, ఊరి పంచాయతీకి అందించే ఏర్పాటు పాఠ్యప్రణాళికలోనే చేరాలి. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటరు, వింక్లర్ సీసాలు, ప్లవకాల వల, ఒక అద్దె పడవ ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు. పదేళ్లు ఆగకుండా సాగితే తీరరేఖ పటాలు గీసేవారికి, చెరువులకు అనుమతులిచ్చేవారికి, మచిలీపట్నం దగ్గర 2023లో మొదలైన ఓడరేవు పనుల ప్రభావాన్ని అంచనా కట్టేవారికి పోల్చి చూసుకోదగిన పాత లెక్క ఒకటి చేతికి వస్తుంది.