పెళ్ళిపత్రాల్లో పెద్దల సమ్మతి

ఉమ్ అల్ క్వైన్‌లో ముస్లిం దంపతుల వివాహ ఒప్పందంలో వధువు ‘వలీ’ పేరు కూడా కనిపిస్తుంది. వలీ అంటే వధువు తరఫున పెళ్ళి జరిపించే సంరక్షకుడు. తండ్రి ఉంటే ఆయనే వలీ. లేనప్పుడు ఆ బాధ్యత దగ్గరి పురుష బంధువుకు వస్తుంది. అక్కడ సోదరుడి పేరు ఉంటే, తండ్రి అప్పటికే మరణించి ఉండవచ్చునన్న సూచన వంశచరిత్రకారుడికి దొరుకుతుంది. ఆ ఎమిరేట్‌లో నివసించే తెలుగువారు తమ పూర్వీకుల పెళ్ళిపత్రాలను వెతికినప్పుడు కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది: సమ్మతి ఎవరిచ్చారు? ఎవరి పేరూ లేకపోతే దాని అర్థమేమిటి? పెళ్ళి ఏ సంవత్సరంలో, ఏ చట్టం కింద జరిగిందో తెలియకుండా దీనికి జవాబు చెప్పలేము.

ఇంగ్లండులో 1753 నాటి హార్డ్‌విక్ చట్టం, 21 ఏళ్ళు నిండనివారు లైసెన్సుతో పెళ్ళి చేసుకోవాలంటే తండ్రి లేదా సంరక్షకుడి సమ్మతి తప్పనిసరి అన్నది. అదే వయఃపరిమితి 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టంలోకి వచ్చింది. లైసెన్సు పొందిన బోధకులు జరిపే పెళ్ళిళ్ళలో మైనరుకు తండ్రి, ఆయన లేకుంటే సంరక్షకుడు, సంరక్షకుడూ లేకుంటే తల్లి సమ్మతి ఇవ్వాలి. కనుక తల్లి పేరు కనిపిస్తే తండ్రి అప్పటికి లేడని ఊహించవచ్చు. అయితే సమ్మతి ఇవ్వదగినవారెవరూ భారతదేశంలో నివసించకపోతే ఈ నియమం వర్తించదు. అంటే సమ్మతి లేనంత మాత్రాన తండ్రి చనిపోయాడని కాదు. దేశాంతరంలో ఉండి ఉండవచ్చు. దేశీయ క్రైస్తవుల కోసం ఉన్న ఆరవ భాగంలో 1978 వరకు నియమం వేరుగా ఉండేది. అక్కడ 18 ఏళ్ళు నిండనివారికే సమ్మతి కావలసి ఉండేది. ఇవ్వదగినవారెవరూ జీవించి లేకపోతేనే మినహాయింపు ఉండేది. ఒకే చట్టంలోని రెండు మౌనాలకు రెండర్థాలు.

హిందూ కుటుంబాలకు కీలకమైన కాలం 1955 నుంచి 1978 వరకు. 1955 నాటి హిందూ వివాహ చట్టం వధువు కనీస వయసును 15గా నిర్ణయించింది. 18 నిండకపోతే సంరక్షకుడి సమ్మతి కావాలన్నది. తండ్రి, తల్లి, తాత, నాయనమ్మ, అన్న అంటూ ఆరవ సెక్షన్ ఒక వరుస ఇచ్చింది. సమ్మతి లేకపోయినా జరిమానాయే తప్ప పెళ్ళి చెల్లకుండా పోలేదు. 1978 సవరణ వధువు వయసును 18కి పెంచి, ఆ వరుసనే తొలగించింది. ఆ రోజుల్లో నమోదు తప్పనిసరి కాదు గనుక చాలా పెళ్ళిళ్ళకు ప్రభుత్వ పత్రమే లేదు. అప్పుడు లగ్నపత్రిక, శుభలేఖ ఆధారాలవుతాయి. శుభలేఖలో ఆహ్వానించేది తండ్రి కాక పెదనాన్నో మేనమామో అయితే, ఎందుకో విచారించాలి. కానీ అది సూచన మాత్రమే. కుటుంబ పెద్దగా కూడా ఆయన పేరు వేసి ఉండవచ్చు.

గల్ఫ్‌లో జరిగిన పెళ్ళిళ్ళకు 1969 నాటి విదేశీ వివాహ చట్టం ఉంది. ఉమ్ అల్ క్వైన్ దుబాయి భారత కాన్సులేటు పరిధిలోకి వస్తుంది. వరుడికి 21, వధువుకు 18 నిండాలన్నది ఈ చట్టం నియమం. పెద్దల సమ్మతి అడగదు. వధూవరులలో ఒకరు ముందు 30 రోజులు ఆ పరిధిలో నివసించి నోటీసు ఇవ్వాలి. కాబట్టి ఆ పత్రం తండ్రి జీవించి ఉన్నాడా అన్నది చెప్పకపోయినా, పెళ్ళినాటికి ఆ జంటలో కనీసం ఒకరు ఎక్కడ ఉన్నారో చెబుతుంది.

సమ్మతి గురించిన ఒక్క పంక్తి ముందుతరం మనుషుల ఉనికికి సాక్ష్యం. ఆ పంక్తి లేకపోవడాన్ని మాత్రం చట్టాన్ని పక్కన పెట్టుకుని చదవాలి. లేకపోతే బతికున్న తాత వంశవృక్షంలో మరణించినవాడవుతాడు; అందరూ కలిసి చేసిన పెళ్ళి పెద్దలకు ఇష్టంలేని పెళ్ళిగా మిగిలిపోతుంది.