శస్త్రశాలలోని లెక్క

హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో 2018 నవంబరున శస్త్రచికిత్స చేయించుకొన్న యొక స్త్రీ కడుపునొప్పితో బాధపడుచుండెను. 2019 ఫిబ్రవరిలో ఎక్స్-రే తీయగా కడుపులో పటకారు కనుపించినది. రాజధానిలో, పేరుగన్న సంస్థలో, లోహపు పనిముట్టే మిగిలిపోయినప్పుడు, నెత్తుట తడిసి మాంసముతో నేకవర్ణమగు ప్రత్తిగుడ్డ మిగిలిపోవుట వింత కాదు.

లెక్క యనిన నేమో ఖమ్మము ప్రాంతపు రైతులకు మేము చెప్పవలసిన పనిలేదు. కళ్ళములో కొలుచువాడొకడు, గీతలు గీయువాడు వేఱొకడు. మొదటి కొలతకు 'ఒకటి' యనక 'లాభ'మనుట పెద్దల యాచారము. శస్త్రశాలయందును పద్ధతి యిట్టిదే. కోతకు ముందును, కడుపు మూయుటకు ముందును, కుట్టు ముగియునప్పుడును ఇద్దఱు నర్సులు గుడ్డలను, సూదులను, పనిముట్లను పైకి చదువుచు లెక్కించి పలకపై వ్రాయవలెను. అచట 'లాభ'మను మాటకు మాత్రము తావులేదు. రోగి గది విడుచుటకు ముందు ఈ లెక్క సరిపోయినదని నోటితో చెప్పవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రకటించిన భద్రతాపట్టికలో నున్నది.

అయినను మనుష్యుని లెక్కకు హద్దు గలదు. అమెరికాలోని భారతసంతతి వైద్యుడు అతుల్ గవాండే సహచరులతో గూడి 2003లో ప్రకటించిన పరిశోధనలో 54 మంది రోగుల దేహములలో 61 వస్తువులు మిగిలిపోయినట్లును, వానిలో నూటికి 69 గుడ్డలే యైనట్లును తేలినది. లెక్క జరిగిన సందర్భములలో నూటికి 88 చోట్ల లెక్క సరిపోయినదనియే వ్రాసికొనిరి! అత్యవసర చికిత్సలలో నీ ప్రమాదము సుమారు తొమ్మిదింతలనియు నందే కలదు.

ఈ లోపము దీర్చుటకే సాధనములు పుట్టినవి. ఎక్స్-రేకు కనుపించు దారము గుడ్డలో నేయుట పాతపద్ధతి. పిదప ప్రతి గుడ్డకును వేఱువేఱు సంఖ్యగల బార్‌కోడు ముద్ర వచ్చినది. ఒకే గుడ్డను రెండుమాఱులు లెక్కించుటకు వీలులేదు. మఱికొన్ని గుడ్డలలో చిన్న రేడియోబిళ్ళ కుట్టుదురు. కడుపు మూయుటకు ముందు రోగిపై నొక దండమువంటి సాధనమును త్రిప్పగా, లోపల గుడ్డ యున్నచో నది కూయును. పనిముట్లపైనను సూక్ష్మసంకేతములు చెక్కి, ఆవిరిశుద్ధి మొదలు బల్లవఱకు జాడ తెలిసికొనుచున్నారు.

ఇవి వెలగలవి గనుక పట్టణపు పెద్ద యాసుపత్రులకే తగునని యొక వాదము. మేమందులకు సమ్మతింపము. చర్ల, దుమ్ముగూడెము కోయపల్లెలనుండియు, సరిహద్దు కావలి కొంటా వైపునుండియు వచ్చువారికి భద్రాచలము ప్రభుత్వాసుపత్రియే దిక్కు. ప్రసవవేదన ముదిరినపిదప, వాగులు దాటి, వేళకాని వేళ వత్తురు. 2022 జూలైలో అచట గోదావరి 71 అడుగులు మించి పొంగినది. మూడవ హెచ్చరిక 53 అడుగులకే! వంతెనపై రాకపోకలు నిలిచిపోయినవి. అట్టి దినమున ఖమ్మము పంపుటయు కుదరదు. తొమ్మిదింతల ప్రమాదము కాపురముండు చోటు అడవియంచే గాని నగరము కాదు. పల్లెకు మరలిన బాలింతకు నెలల పిదప నొప్పి కలిగినచో, అది దేనివలననో చూపుటకు ఎక్స్-రే ఎక్కడిది?

ఔరంగాబాదు ప్రభుత్వాసుపత్రిలో 1963లో కడుపున గుడ్డ మిగిలి యొక బాలింత మరణింపగా, బాధ్యత ప్రభుత్వమునదేయని సుప్రీముకోర్టు తేల్చునప్పటికి 1996వ సంవత్సరము వచ్చినది. అంతకాలము వ్యాజ్యము నడపగల శక్తి యే కోయగూడెమునకు గలదు? దారముగల గుడ్డలకును, ఇద్దఱి లెక్కకును, వ్రాతపలకకును పెద్ద వ్యయము లేదు. రేడియోదండములను కొనునప్పుడు ప్రభుత్వము భద్రాచలమునుండి మొదలుపెట్టవలెను. ఇంటికి పంపు చీటీపై ఆ లెక్కను తెలుగులో వ్రాయించి, వెంట వచ్చినవారికి చదివి వినిపింపవలెను.