గొంతు వచ్చింది, కథ రాలేదు: కిన్నెర మొగులయ్య గానం – సినిమా పాట

వ్యాససంగ్రహం:
పాలమూరు ప్రాంతపు కిన్నెర గాయకుడు దర్శనం మొగులయ్య గానం 2021లో ఒక సినిమా పాట ద్వారా విస్తృత శ్రోతలకు చేరింది. ఆ పాట కథాగానం నుండి ఏమి తీసుకుంది, ఏమి వదిలింది అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కిన్నెర, కథాగానం, పాలమూరు, నేపథ్యగానం, శ్రుతి.

ఉపోద్ఘాతం:

శ్రీశైల క్షేత్రానికి ఆలంపురం పశ్చిమ ద్వారమనీ, ఉమామహేశ్వరం ఉత్తర ద్వారమనీ ప్రసిద్ధి. ఈ రెండు ద్వారాల నడుమ ఉన్న నేల పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. నేడు అది జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలుగా విడిపోయింది. కిన్నెర మీద వీరుల కథలు పాడే సంప్రదాయం ఈ నేలలో ఇంకా బతికే ఉంది. నల్లమల అంచున, లింగాల మండలానికి చెందిన దర్శనం మొగులయ్య ఆ సంప్రదాయానికి నేడు అందరికీ తెలిసిన ప్రతినిధి. ఆయన వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర.

తెలుగులో 'గొప్ప గాయకుడు' అనగానే మన చర్చ ఘంటసాలతో మొదలై బాలసుబ్రహ్మణ్యంతో ఆగుతుంది. శ్రుతిశుద్ధి, ఉచ్చారణ, భావప్రకటన అనే మన కొలమానాలు చాలావరకు మైక్రోఫోను ముందు పాడిన గొంతుల నుండి రూపొందినవే. అవి తప్పుడు కొలమానాలని ఈ వ్యాసకర్త అనడం లేదు. అయితే వాటితో మొగులయ్యను కొలవబోతే కొలత ఎక్కడో జారిపోతుంది.

కిన్నెర – గొంతు:

వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరబుర్రలు, మైనంతో నిలిపిన మెట్లు, తీగలు: స్థూలంగా కిన్నెర నిర్మాణం ఇది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ ఉన్నదంటే ఈ వాద్యం పేరు మన సాహిత్యంలో ఎంత పాతదో ఊహించవచ్చు. దాని నాదం పెద్దది కాదు. తీగ మోగి త్వరగా ఆరిపోతుంది. అందువల్ల గాయకుడు నాదం మీద ఆనుకొని స్వరాన్ని సాగదీయడు. మాటను తెంచి తెంచి విసురుతాడు. గొంతు ఆగినచోట కిన్నెర అందుకుంటుంది. బుర్రకథలో వంతలు చేసే పనిని ఇక్కడ వాద్యమే చేస్తుంది. మాట ఎక్కడ ముగిసి పాట ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపడం కష్టం. పండుగ సాయన్న, మియాసాబ్ వంటి వారి కథలను మొగులయ్య ఇలాగే చెబుతారు. శ్రోతను పట్టి ఉంచేది ఒక్కొక్క స్వరం కాదు, తరువాత ఏమి జరుగుతుందన్న ఆరాటం.

యుగోస్లావియాలో గుస్లె అనే ఒంటితీగ వాద్యంతో గంటల తరబడి వీరగాథలు పాడిన గాయకులను మిల్‌మన్ ప్యారీ 1930లలో రికార్డు చేశాడు. వారి పాట పాడుతుండగానే రూపొందుతుందని ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించాడు. ఆ దృష్టితో చూస్తే కథాగాయకునికి కాలమే ముడిసరుకు.

సినిమా పాటలో జరిగినది:

2021 సెప్టెంబరులో విడుదలైన 'భీమ్లా నాయక్' శీర్షికా గీతం మొగులయ్య గొంతుతో, కిన్నెరతో మొదలవుతుంది. సంగీతం తమన్‌ది, రచన రామజోగయ్యశాస్త్రిది. నాయకుడు పుట్టిన చోటు, తల్లి ప్రసవవేదన, తండ్రితాతల పేర్లు వరుసగా వస్తాయి. వీరగాథ ఎత్తుగడ అచ్చంగా ఇదే. ఆ గొంతులోని గరుకుదనాన్ని, యాసను దిద్దకుండా ఉంచడం సంగీత దర్శకుడు చేసిన మంచి పని. తరువాత తాళవాద్యాలు విజృంభిస్తాయి, ఇతర గాయకులు అందుకుంటారు. అంటే కథాగాయకుడు నాయకుని పుట్టుకను చెప్పి తప్పుకున్నాడు. పుట్టుక వరకే చెప్పిన వీరగాథ ఏ ఊరి రచ్చబండ మీదా ఉండదు.

దీనికి ముందు ఇదే నేల నుండి మరొక ఉదాహరణ ఉంది. నాగర్‌కర్నూల్ ప్రాంతపు గోరటి వెంకన్న రాసి, ఊరూరా పాడిన పల్లె కన్నీటి పాట 2002లో 'కుబుసం' చిత్రంలోకి వచ్చింది. తెర మీద వినిపించిన గొంతు వందేమాతరం శ్రీనివాస్‌ది. అప్పుడు సాహిత్యం లోపలికి వచ్చి, కవి గొంతు బయట ఉండిపోయింది. పందొమ్మిదేళ్ల తరువాత గొంతు లోపలికి వచ్చింది, కథ బయట ఉండిపోయింది.

కుదింపు ప్రతిసారీ నష్టమేనా? కాదు. రంగస్థల పద్యంలోని సుదీర్ఘ రాగాలాపనను ఘంటసాల తగ్గించినప్పుడు పద్యం చెడలేదు, అర్థం మరింత స్పష్టమైంది. కారణం సుస్పష్టం: నాలుగు పాదాలలో పద్యం పూర్తవుతుంది, ఆలాపన దానికి ఆవరణ మాత్రమే. కథాగానంలో నిడివి ఆవరణ కాదు, అదే వస్తువు.

శ్రుతి అనే వివాదం:

'భీమ్లా నాయక్'కు మూలమైన మలయాళ చిత్రం 'అయ్యప్పనుం కోషియుం' (2020)లో అట్టపాడికి చెందిన ఇరుళ గిరిజన గాయని నంజియమ్మ పాడారు. 2022లో ప్రకటించిన జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఆమె ఉత్తమ గాయనిగా ఎంపికయ్యారు. ఇచ్చిన శ్రుతికి పాడలేని వ్యక్తికి నేపథ్యగాయని పురస్కారమా అని కొందరు ఆక్షేపించారు. ఆక్షేపణలో ఒక నిజం ఉంది: నేపథ్యగానం ఒక వృత్తి, ఎవరి బాణీనైనా అడిగిన శ్రుతిలో పాడటం దానికి కనీసార్హత. కానీ నంజియమ్మ పాడినది ఎవరో ఇచ్చిన బాణీ కాదు, తన సమాజపు పాట. వాద్యం తనదైనప్పుడు, పాట తనదైనప్పుడు శ్రుతిని 'ఇచ్చేది' ఎవరు? మొగులయ్య విషయంలో ఈ ప్రశ్న రాలేదు. ఆయన పాటకు ముంగిట మాత్రమే నిలబడటం అందుకు ఒక కారణం కావచ్చు.

పరిశోధకుల వంతు:

2022లో మొగులయ్యకు పద్మశ్రీ లభించింది. 2024 మే నెలలో ఆయన హైదరాబాదు శివారున నిర్మాణపు పనిలో కూలీగా ఉన్న దృశ్యాలు వార్తలలోకి వచ్చాయి. సినిమాను నిందించడం తేలిక. విశ్వవిద్యాలయాలలో మనం చేసినదీ అంత భిన్నం కాదు. బిరుదురాజు రామరాజుగారి మార్గదర్శక గ్రంథం పేరు 'తెలుగు జానపద గేయసాహిత్యము'. ఆ బాటలో నడిచిన సేకరణలలో సాహిత్యమే ముందుంది. పాట పాఠంగా అచ్చయింది, ఊపిరి ఎక్కడ తీశాడో, కిన్నెర ఎన్ని మాత్రలు నింపిందో, విన్నవారు ఎక్కడ 'ఆఁ' కొట్టారో అచ్చులోకి రాలేదు. పండుగ సాయన్న కథను మొదటి నుండి చివరి వరకు, శ్రోతల మధ్యనే, ఒకే గాయకుని నోట వేర్వేరు ఊళ్లలో రెండు మూడుసార్లు రికార్డు చేసి పోల్చడం ఒక పరిశోధక విద్యార్థికి ఒక సంవత్సరపు పని. ఆ గంటలకు గాయకునికి కూలి కాదు, పారితోషికం చెల్లించాలి. పరిశోధన ప్రతిపాదనలోని ఖర్చుల పట్టికలో ఆ పద్దు మొదటి వరుసలోనే ఉండాలి.