చక్రాన్ని పట్టే చేయి

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. ఈ విద్యుత్ కార్ల పందెం మన దేశానికి రావడం అదే మొదటిసారి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు కానీ, జనం చూపు మాత్రం మహీంద్రా కార్ల మీదే. సరిగ్గా రెండు వారాలకు, 25న, కేప్‌టౌన్‌లో అదే మహీంద్రా జట్టు పోటీ నుంచి తప్పుకుంది. వాళ్ల పవర్‌ట్రెయిన్‌నే వాడుతున్న ఆప్ట్ కూప్రా జట్టు కూడా తప్పుకుంది. కారణం మోటారూ కాదు, బ్యాటరీ కాదు. వెనక సస్పెన్షన్ భాగాలు ఆ ట్రాక్ మీద నిలుస్తాయన్న నమ్మకం పోయింది. నాలుగు కార్లూ గ్యారేజీలోనే ఉండిపోయాయి. ఆ మాట పైకి చెప్పి కార్లు ఆపిన ఇంజినీర్లకు చేతులెత్తి మొక్కాలి.

అంత పెద్ద జట్టుకే ఆ భయం ఉంటే, తెనాలిలోనో బాపట్లలోనో రేపల్లెలోనో సొంతంగా కారు కట్టాలని కలగనే కుర్రాడికి ఎంత ఉండాలి? 1981లో పెట్టిన బాపట్ల ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. తెనాలికి దగ్గర్లో వడ్లమూడి విజ్ఞాన్ యూనివర్సిటీ ఉంది. 2007లో మొదలైన బాహా ఎస్ఏఈ ఇండియా లాంటి పోటీల్లో విద్యార్థులే పైపులు కోసి, వెల్డింగ్ చేసి, బండి కట్టి, గుంతల్లో మిట్టల్లో నాలుగు గంటలపాటు ఆపకుండా తోలాలి. ఇంజిన్ కంపెనీదే. సస్పెన్షన్ ఆర్మ్ మాత్రం మనం చేసిందే. అక్కడే మన చేతి పని బయటపడుతుంది.

ఆర్మ్ అంటే చక్రాన్ని ఛాసిస్‌కు కలిపి ఉంచే చేయి. పాత ప్రీమియర్ పద్మిని ముందు చక్రాలకు పైనొకటి, కిందొకటి ఉండేవి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో పై ఆర్మ్ పోయి, ఆ పని షాకబ్జార్బరు అందుకుంది. కింద మిగిలినదే మెకానిక్కులు లోయర్ ఆర్మ్ అంటారు. రేసు కార్లు చాలావరకు ఇప్పటికీ రెండు ఆర్మ్‌ల పద్ధతినే పట్టుకున్నాయి.

బలమంటే మందమని మనవాళ్లకొక నమ్మకం. సన్న పైపు చూస్తే గుండె జారుతుంది, గట్టి కడ్డీ చూస్తే ధైర్యం వస్తుంది. లెక్క వేస్తే తిరగబడుతుంది. 16 మి.మీ. గట్టి కడ్డీ, 25 మి.మీ. బయటి వ్యాసంతో 3 మి.మీ. మందమున్న పైపు దాదాపు ఒకే బరువు తూగుతాయి. నిలువునా నొక్కినప్పుడు పక్కకు వంగిపోకుండా నిలవడంలో మాత్రం పైపు కడ్డీకి ఇంచుమించు నాలుగింతలు. ఆర్మ్ విరిగేది లాగుడుకే అనుకుంటాం గానీ, బ్రేకు వేసినప్పుడు రెండు కాళ్లుగా విడిపోయే కింది ఆర్మ్‌లో ముందు కాలు సాగుతుంది, వెనక కాలు నలుగుతుంది. వంగేది ఆ వెనక కాలే.

ఇంకో లెక్క. బ్రేకు వేసినప్పుడు టైరు దగ్గర 150 కిలోల బలం పుట్టిందనుకుందాం. చక్రాన్ని ఆర్మ్‌కు కలిపే కింది బాల్ జాయింట్ నేల నుంచి 130 మి.మీ. ఎత్తున, పైది 370 మి.మీ. ఎత్తున ఉంటే, కింది ఆర్మ్ మీద పడేది 150 కాదు, 231 కిలోలు. పై ఆర్మ్ మీద 81 కిలోలు ఎదురు దిక్కున పడతాయి. ఆర్మ్ రెండు కాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలుంటే ఒక్కో కాలిలో అదే 231. చోటు చాలలేదని కోణాన్ని 30 డిగ్రీలకు ఇరికిస్తే ఒక్కో కాలిలో 446. పైపు మారలేదు, వెల్డర్ మారలేదు. ఛాసిస్ మీద బ్రాకెట్లు దగ్గరకు జరిపినందుకే భారం దాదాపు రెట్టింపయింది. గుంతలో పడితే దెబ్బ ఇంకా ఎన్నో రెట్లు. అందుకే పైపు కొనకముందు కాగితం మీద కోణం గీయాలి.

పైపు సంగతికొస్తే, క్రోమోలీ అనే ఖరీదైన ఉక్కు మీద మోజు ఎక్కువ. దాని బలం ఎక్కువే. బిగువు మాత్రం మామూలు ఉక్కుతో సమానం, కాబట్టి పొడవైన ఆర్మ్ పక్కకు వంగడాన్ని అది పెద్దగా ఆపదు. మంచి సీమ్‌లెస్ పైపు తెచ్చుకుని, ఆ మిగిలిన డబ్బు వెల్డింగ్ మీద పెట్టడం మేలు. పైపు చివరలను ఎదుటి పైపు వంపుకు సందు లేకుండా అరగదీయాలి. సందును వెల్డింగ్‌తో పూడ్చితే లోపల బోలే మిగులుతుంది. ఆర్గాన్ వెల్డింగ్ చేసే నిదానస్తుడైన మేస్త్రీ దొరికితే ఎంత దూరమైనా వెళ్లాలి. కుడి ఎడమలు తేడా రాకుండా భాగాలను కదలకుండా పట్టే జిగ్గు ముందు కట్టాలి, ఆర్మ్‌ను జిగ్గులో బిగించే అతకాలి.

నాకు భయం పుట్టించేది కొసనున్న మరలు. సర్దుబాటుకు వీలుగా ఉంటుందని చక్రం వైపు కూడా, మరతో బిగించే బేరింగు కొసలైన రాడ్ ఎండ్‌లు పెట్టేస్తారు. రాడ్ ఎండ్ లాగుడును, నొక్కుడును మోస్తుంది గానీ వంపును మోయలేదు. వంపు పడితే మర మొదట్లోనే తెగుతుంది, చెప్పకుండా తెగుతుంది. చక్రం వైపు గుండ్రటి బేరింగును గూడులో బిగించి, బోల్టును రెండు పక్కలా పట్టుకునే బ్రాకెట్ పెట్టాలి. స్ప్రింగు భారాన్ని మోసే కడ్డీ ఆర్మ్ నడుమ కాకుండా బాల్ జాయింట్‌కు ఆనుకుని దిగాలి.

లోహం ఒక్క దెబ్బకే పోదు. వేల చిన్న దెబ్బలకు అలసిపోతుంది. 2005లో నూర్‌బర్గ్‌రింగ్‌లో జరిగిన ఫార్ములా వన్ రేసులో కిమి రైకొనెన్ ముందంజలో ఉన్నాడు. బ్రేకు పట్టేసి టైరు ఒకచోట చదునుగా అరిగింది. చక్రం తిరిగిన ప్రతిసారీ కుదుపే. ఆ ఏడాది నిబంధనల ప్రకారం ఒకే సెట్ టైర్లతో రేసు ముగించాలి, అతను ఆగలేదు. ఆఖరి ల్యాప్‌లో సస్పెన్షన్ విరిగిపోయింది, గెలుపు అలోన్సోకు పోయింది.

మన రోడ్లు ఏ బండినైనా ప్రతిరోజూ అలాగే కుదుపుతాయి. కాలవ గట్ల మీద, నల్లరేగడి మీద వేసిన దారి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. పెనుమూడి వంతెన దిగి రేపల్లె మీదుగా బాపట్ల వెళ్లే 216వ జాతీయ రహదారి పొడవునా సముద్రపు ఉప్పు గాలి తోడవుతుంది. సూర్యలంక, నిజాంపట్నం వైపు తిరిగే బండికి తుప్పు బయటి కంటే పైపు లోపల ముందు పడుతుంది. కొసలు గాలి చొరకుండా మూసి అతకాలి.

వంగిన లోయర్ ఆర్మ్‌ను గ్యాస్‌తో ఎర్రగా కాల్చి సుత్తితో సరిచేయడం నాకు అసలు గిట్టదు. ఆర్మ్ వంగిందంటే విరగకుండా మనల్ని కాపాడిందన్నమాట. దాని పని అయిపోయింది. పాత ఇనుముకు తెనాలిలో గౌరవం తక్కువేం కాదు. సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు వాహనాల తుక్కుతో, నట్లు బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. వంగిన ఆర్మ్ వెళ్లాల్సింది అలాంటి చోటికి, మళ్లీ చక్రం కిందికి కాదు.

రోడ్డు మీద తిరిగే కారుకు సొంత ఆర్మ్‌లు బిగించాలనుకునేవాళ్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదవాలి. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. రోడ్డు కారుకు కంపెనీ ఆర్మే కొనండి. సొంత పనితనం రేసు బండి మీద చూపండి.

కాలేజీ కుర్రాళ్లకు ఒక మాట. లోహాలను లాగి విరగ్గొట్టే యూటీఎం యంత్రం మీ ల్యాబులోనే ఉంటుంది. నాలుగు ఆర్మ్‌లు కావాల్సి వస్తే ఐదు చేయండి. ఐదోదాన్ని ఆ యంత్రానికి బిగించి విరిగేదాకా లాగండి. పైపు సాగి సన్నబడి తెగితే మిగతా నాలుగూ బండికి ఎక్కించండి. వెల్డింగ్ అంచున పుటుక్కున తెగితే నాలుగూ పక్కన పడేసి, మళ్లీ జిగ్గు దగ్గర మొదలుపెట్టండి.